ఇంటి కంప్యూటరు: మన లిపులు, మన వేళలు, మన అమానతులు

కొత్త ఇంట్లో అడుగు పెట్టగానే ఖిబ్లా ఎటువైపు ఉన్నదో చూసుకొంటాము. వుజూకు నీటి వసతి, ఆడవారికి చాటు, వచ్చేపోయే బంధువులకు కూర్చునే చోటు, అన్నింటినీ మన జీవన విధానానికి తగినట్లు అమర్చుకొంటాము. అదే ఇంటికి కంప్యూటరు వస్తే మాత్రం, దుకాణదారుడు ఏ స్థితిలో అప్పగించాడో ఆ స్థితిలోనే ఏళ్ళ తరబడి వాడుకొంటాము. అందులో భాష ఒక్కటే, అది ఇంగ్లీషు. ఇంటిల్లిపాదికీ ఖాతా ఒక్కటే, దాని పాస్‌వర్డు పక్కింటి పిల్లలకు కూడా తెలుసు. ఎక్కించిన ప్రోగ్రాములలో ఏది సక్రమంగా కొన్నదో, ఏది దొంగప్రతియో ఎవరూ అడగరు.

ఈ విషయాన్ని ఇప్పుడు ప్రస్తావించడానికి ఒక కారణం ఉన్నది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ సాధారణ భద్రతా సవరణలను నిలిపివేసింది. ఆ తేదీ దాటినంత మాత్రాన కంప్యూటరు ఆగిపోదు. కాని కొత్తగా బయటపడే లోపాలకు మరమ్మతు అందదు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో ప్రవేశించి సెట్టింగులను దానిలో భద్రపరచుకొన్న గృహ వినియోగదారులకు అదనపు రుసుము లేకుండానే 2026 అక్టోబరు 13 వరకు భద్రతా సవరణలు పొందే వెసులుబాటు కల్పించారు. శాశ్వత పరిష్కారం విండోస్ 11కు మారటం. సక్రమమైన విండోస్ 10 ఉన్నవారికి అది ఉచితమే. అయితే కంప్యూటరులో 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ స్థలం, టీపీఎం 2.0 అనే భద్రతా భాగం ఉండాలి. ఇంటెల్ ప్రాసెసరు అయితే సాధారణంగా 8వ తరానిదో, ఆ తరువాతిదో కావాలి. ఈ అర్హతలు లేని పాత యంత్రాలు మన ఇళ్ళలో ఎన్నో ఉన్నాయి. వాటిని చేతబట్టుకొని మనవారు దుకాణానికి వెళుతున్నారు. అక్కడ వినిపించే మాట ఒకటే: "ఫరవాలేదు భాయ్, కొత్త విండోస్ వేసేస్తాము, ఆఫీసు కూడా ఉచితంగా ఎక్కించేస్తాము."

ఆ 'ఉచితం' అనే మాట దగ్గర ఆగి ఆలోచించాలి.

ఉచితమా, దొంగప్రతియా?

మన సమాజంలో హలాల్ సంపాదన పట్ల ఎంతో జాగ్రత్త వహించే కుటుంబాలున్నాయి. వడ్డీ సొమ్ము ఇంట్లోకి రానివ్వరు. తూకంలో గింజ తగ్గితే కలత చెందుతారు. అదే ఇంట్లో దొంగ తాళంతో తెరిచిన విండోస్, దొంగ తాళంతో తెరిచిన ఆఫీసు, దొంగ తాళంతో తెరిచిన ఫోటోషాప్ నిశ్చింతగా నడుస్తుంటాయి. దీనిని తప్పుగా భావించకపోవటానికి కారణం దురుద్దేశం కాదు. చేతికి తగలని వస్తువును దొంగిలించవచ్చునన్న ఊహే మనకు రాదు.

ఇది ఫిఖ్హ్ పండితులు పట్టించుకోని సమస్య కాదు. గ్రంథకర్తృత్వం, ఆవిష్కరణ, వ్యాపార నామం వంటి వాటిపై హక్కులను గురించి గత తరం ఉలమాలలో అభిప్రాయభేదాలు ఉన్న మాట వాస్తవమే. కాని 1988 డిసెంబరులో కువైట్‌లో జరిగిన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ 5వ సమావేశం, ఇవి షరీఅత్ రక్షణ గల హక్కులనీ, వాటిని ఉల్లంఘించటం ధర్మసమ్మతం కాదనీ తీర్మానించింది. మన దేశపు చట్టం కూడా స్పష్టంగానే ఉన్నది. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 63బి సెక్షను ప్రకారం, దొంగప్రతి అని తెలిసి కంప్యూటరు ప్రోగ్రామును వాడటం నేరం. కనీసం 7 రోజుల నుండి 3 సంవత్సరాల వరకు జైలు, 50,000 నుండి 2 లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. లాభార్జన కోసం కాక వాడుకొన్నవారి విషయంలో జైలుశిక్ష లేకుండా 50,000 రూపాయల లోపు జరిమానాతో సరిపెట్టే విచక్షణను న్యాయస్థానానికి ఇచ్చారు. ఇంట్లో కూర్చొని డీటీపీ పనులు చేసుకొనే సోదరులు ఆ 'లాభార్జన' అనే మాటను గమనించాలి.

ధర్మం, చట్టం అటుంచితే, దొంగ తాళం పనిచేసే తీరును చూసినా భయం కలగాలి. దానిని నడపాలంటే చాలా సందర్భాలలో ముందుగా విండోస్‌తో పాటు వచ్చే డిఫెండర్ అనే రక్షణ వ్యవస్థను ఆపివేయమంటారు. ఊరూ పేరూ తెలియని వ్యక్తి తయారుచేసిన ప్రోగ్రాముకు యంత్రంపై సర్వాధికారాలు అప్పగించమంటారు. కాపలాదారుణ్ణి పంపివేసి, అపరిచితుడి చేతికి ఇంటి తాళాలు ఇవ్వటమే ఇది. బ్యాంకు పాస్‌వర్డులు టైపు చేసేది ఆ యంత్రం మీదనే, ఆడపిల్లల ఫోటోలు ఉండేది ఆ యంత్రంలోనే.

మీ ఇంటి విండోస్ సంగతి తెలుసుకోదలిస్తే సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో యాక్టివేషన్ పేజీ తెరవండి. మీ సంస్థ వారి యాక్టివేషన్ సర్వీసు ద్వారా యాక్టివేట్ అయినదని అక్కడ ఇంగ్లీషులో కనిపిస్తే, సొంత డబ్బుతో కొన్న ఇంటి కంప్యూటరుకు ఆ మాట ఎలా వచ్చిందని దుకాణదారుణ్ణి అడగవలసిందే. అయితే ఆ వాక్యం కనిపించనంత మాత్రాన అంతా సక్రమమని అర్థం కాదు. బిల్లు మీద విండోస్ పేరు ఉన్నదా లేదా అన్నది అంతకన్నా నమ్మకమైన ఆధారం.

చాలామందికి తెలియని మేలైన విషయం ఒకటున్నది. విండోస్‌తో కలిపి అమ్మిన ల్యాప్‌టాప్ అయితే దాని లైసెన్సు యంత్రపు మదర్‌బోర్డులోనే నిక్షిప్తమై ఉంటుంది. ఎన్నిసార్లు తుడిచి, మళ్ళీ అదే రకం విండోస్‌ను ఎక్కించినా అది తనంతట తానే గుర్తించుకొంటుంది. వచ్చినది 'హోమ్' రకమైతే 'హోమ్' మాత్రమే వేయమని దుకాణదారుడితో గట్టిగా చెప్పండి. అతడు ఉదారంగా 'ప్రో' వేసినప్పుడే సక్రమమైన యంత్రంలోకి దొంగ తాళం చేరుతుంది. అంటే, డబ్బు చెల్లించి పొందిన హలాల్ వస్తువును మనమే చేతులారా పాడుచేసుకొంటున్నామన్న మాట.

ఇక ఆఫీసు సంగతి. ఉత్తరాలు, లెక్కలు, పిల్లల ప్రాజెక్టు పనులు, ఇంతవరకే అవసరమైతే లిబ్రే ఆఫీస్ చాలు. 2010లో ఆవిర్భవించిన ఈ ప్రోగ్రాము పూర్తిగా ఉచితం, సక్రమం. వర్డ్, ఎక్సెల్ ఫైళ్ళను తెరుస్తుంది, ఆ రూపంలోనే భద్రపరుస్తుంది కూడా. అలంకరణలు ఎక్కువగా ఉన్న ఫైళ్ళలో అమరిక కొంత చెదరవచ్చు. ఫోటోల పనికి జింప్ ఉన్నది. విండోస్ 11కు అర్హత లేని పాత యంత్రాన్ని పారవేయనక్కరలేదు. లినక్స్ మింట్ వంటి ఉచిత వ్యవస్థను పెన్‌డ్రైవ్ నుండే నడిపి, నచ్చితేనే స్థిరంగా ఎక్కించుకోవచ్చు. 2 జీబీ ర్యామ్‌తో కూడా అది నడుస్తుంది. 4 జీబీ ఉంటే సుఖంగా నడుస్తుంది. ఈ ఉచిత ప్రపంచంలో ఒకప్పుడు ముస్లిముల కోసమే తయారైన వ్యవస్థ కూడా ఉండేదని ఎంతమందికి తెలుసు? 2007లో 'ఉబుంటు ముస్లిం ఎడిషన్' పేరుతో మొదలై, తరువాత 'సబీలీ'గా పేరు మార్చుకొన్న ఆ వ్యవస్థలో ఖుర్ఆన్ అధ్యయనానికి, నమాజు వేళలకు, అశ్లీల సైట్ల నిరోధానికి ప్రోగ్రాములు ముందుగానే అమర్చి ఇచ్చేవారు. కొన్నేళ్ళకు దాని నిర్వహణ ఆగిపోయింది. ఆ పనులన్నీ ఇప్పుడు ఏ కంప్యూటరులోనైనా మనమే అమర్చుకోవచ్చు.

ఒకే ఇంట నాలుగు లిపులు

తెలుగు నేల మీది ముస్లిం ఇంటికి ఒక విశిష్టత ఉన్నది. దాదా ఉర్దూ చదువుతారు. అబ్బా తెలుగు దినపత్రిక చదువుతారు. పిల్లల చదువు ఇంగ్లీషులో. ఖుర్ఆన్ పారాయణం అరబీలో. దూదేకుల ఇళ్ళ వంటి కొన్నింట తెలుగే మాతృభాష. మరికొన్ని ఇళ్ళలో మాట దక్కనీ ఉర్దూలో, రాత తెలుగులో. ఇన్ని లిపుల ఇంట్లో కంప్యూటరు ఒక్క ఇంగ్లీషులోనే నడవటం వలన జరుగుతున్న నష్టం కంటికి కనబడదు. దాదా తన జ్ఞాపకాలను రాసిపెట్టలేకపోతున్నారు. అమ్మీ వంటల పుస్తకం నోటిలోనే ఉండిపోతున్నది. ఉర్దూ మాటను పిల్లలు ఇంగ్లీషు అక్షరాలలో రాసుకొంటూ, ఉర్దూ లిపినే మరచిపోతున్నారు.

అమర్చుకోవటం కష్టం కాదు. విండోస్ 11లో సెట్టింగ్స్ తెరచి, టైమ్ అండ్ లాంగ్వేజ్, అందులో లాంగ్వేజ్ అండ్ రీజియన్, అక్కడ యాడ్ ఎ లాంగ్వేజ్ నొక్కి తెలుగు, ఉర్దూ, అరబిక్ భాషలను ఒకదాని తరువాత ఒకటి చేర్చాలి. ఆ పైన విండోస్ మీటను పట్టుకొని స్పేస్‌బార్ నొక్కిన ప్రతిసారీ లిపి మారుతుంది. ఇంగ్లీషు అక్షరాలతో ఉచ్చారణను బట్టి తెలుగు టైపు చేయదలిస్తే, తెలుగు పక్కన ఉన్న ఆప్షన్స్‌లోకి వెళ్ళి 'తెలుగు ఫొనెటిక్' కీబోర్డును చేర్చుకోవాలి. కొత్తగా నేర్చుకొనే పిల్లలకు మాత్రం మేము ఇన్‌స్క్రిప్ట్ పద్ధతినే సిఫారసు చేస్తాము. అందులో అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమ చేతికి, హల్లులు అధిక భాగం కుడి చేతికి వస్తాయి. పైగా భారతీయ లిపులన్నింటికీ స్థానాలు ఒక్కటే కాబట్టి, తెలుగు నేర్చిన చేతికి హిందీ కూడా దాదాపు వచ్చినట్లే.

మనవంటి పాఠకులకు ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు ఒకటున్నది. అరబీ పదాలకు తెలుగు విభక్తులు చేర్చినప్పుడు అక్షరాలు కలిసిపోతాయి. 'అల్లాహ్‌కు' అని రాయబోతే 'అల్లాహ్కు' అని పడుతుంది; 'హదీస్‌లో' అనేది 'హదీస్లో' అవుతుంది. పొల్లుకూ తరువాతి అక్షరానికీ నడుమ కంటికి కనబడని విభజన గుర్తు ఒకటి ఉంచితే ఈ ఇబ్బంది తొలగుతుంది. వర్డ్‌లో పొల్లు తరువాత ఇంగ్లీషులో 200సి అని (చివరిది ఇంగ్లీషు 'సి' అక్షరం) టైపు చేసి, ఆల్ట్ మీటతో పాటు ఎక్స్ నొక్కండి. ఆ అంకెలు మాయమై విభజన గుర్తు నిలుస్తుంది. ప్రతిసారీ ఇంత శ్రమ అక్కరలేదు. తరచుగా వాడే పదాలను ఆటోకరెక్ట్ పట్టికలో ఒక్కసారి చేర్చితే ఆ పని అదే చేసిపెడుతుంది.

అదే ఆటోకరెక్ట్‌తో మరొక మేలు. దైవప్రవక్త నామం వచ్చిన ప్రతిచోటా దరూద్‌ను '(స)' అని కుదించి రాయటం పట్ల మన పెద్దలు అసంతృప్తి వ్యక్తం చేస్తుంటారు. కుదించటానికి కారణం టైపు చేసే శ్రమే కదా! '(స)' అని కొట్టగానే '(సల్లల్లాహు అలైహి వసల్లం)' అని పూర్తిగా పడేటట్లు పట్టికలో చేర్చుకొంటే ఆ శ్రమా ఉండదు, ఆ కొరతా ఉండదు. అరబీలో దరూద్ మొత్తం ఒకే అందమైన గుర్తుగా రావాలంటే ఇంగ్లీషులో ఎఫ్, డి, ఎఫ్, ఎ అక్షరాలను వరుసగా కొట్టి ఆల్ట్‌తో ఎక్స్ నొక్కితే చాలు.

ఉర్దూ విషయంలో రెండు సంగతులు. మొదటిది అక్షర సౌందర్యం. ఉర్దూ చదివే పెద్దల కళ్ళు నస్తాలీఖ్‌కు అలవాటుపడినవి. కంప్యూటరు మామూలుగా చూపించే నస్ఖ్ అక్షరాలను వారు చదవగలరు గాని ఇష్టపడరు. నస్తాలీఖ్ పదం కుడి నుండి ఎడమకు జారుతూ కిందికి దిగుతుంది. ఒకే అక్షరం పొరుగు అక్షరాన్ని బట్టి ఎన్నో రూపాలు ధరిస్తుంది. అందుకే ఉర్దూ దినపత్రికలు ఎంతోకాలం కాతిబుల చేతివ్రాతతోనే వెలువడేవి. 1981లో కరాచీకి చెందిన అహ్మద్ మీర్జా జమీల్, మోనోటైప్ సంస్థ కలిసి వేలాది అక్షర సంపుటులతో 'నూరీ నస్తాలీఖ్'ను రూపొందించాక ఆ పరిస్థితి మారింది. అయినా, 1927లో చెన్నైలో స్థాపితమైన 'ముసల్మాన్' దినపత్రిక కంప్యూటరు యుగంలో కూడా చేతివ్రాతను వదలకపోవటం ప్రసిద్ధమే. ఇప్పుడు విండోస్‌లో ఉర్దూ భాషను చేర్చుకొంటే 'ఉర్దూ టైప్‌సెట్టింగ్' అనే నస్తాలీఖ్ ఫాంటు లభిస్తుంది. గూగుల్ వారి 'నోటో నస్తాలీఖ్ ఉర్దూ' కూడా ఉచితమే. ఫాంటు పరిమాణం కొంచెం పెంచి దాదా ముందు పెట్టండి. తేడా మీకే తెలుస్తుంది.

రెండవది అంతకన్నా ముఖ్యం. ఉర్దూను అరబీ కీబోర్డుతో టైపు చేయకండి. అరబీ కాఫ్, ఉర్దూ కాఫ్ చూపుకు ఒకే మాదిరి అనిపించవచ్చు. అరబీ యే, ఉర్దూ యే పదం నడుమ తేడా లేకుండా కనిపించవచ్చు. కాని కంప్యూటరు దృష్టిలో వాటి సంకేతాలు వేరు. ఒక కీబోర్డుతో రాసిన పేరును మరొక కీబోర్డుతో వెతికితే దొరకదు. కుటుంబ వృక్షమో, మస్జిదు చందాల జాబితానో తయారుచేసేవారు ఈ చిక్కులో పడి, ఉన్న పేరును లేదనుకొంటారు. అలాగే ఇన్‌పేజ్‌లో చేసిన పాత ఉర్దూ ఫైళ్ళు, అను ఫాంట్లతో చేసిన తెలుగు శుభలేఖలు యూనికోడ్ కానందున వేరే యంత్రంలో అర్థం లేని గీతలుగా మారతాయి. ఇంట్లో అటువంటివి ఉంటే, తెరిచే ప్రోగ్రాము ఉన్నప్పుడే వాటిని యూనికోడ్‌కు మార్చుకోవటమో, కనీసం పీడీఎఫ్‌గా భద్రపరచుకోవటమో చేయాలి.

ఖుర్ఆన్ ఆయతులను మాత్రం చేతితో టైపు చేయవద్దని మా మనవి. ఒక్క హరకత్ తప్పినా అర్థం మారే ప్రమాదమున్నది. 2007లో మొదలైన 'తన్జీల్' వంటి ప్రాజెక్టులు జాగ్రత్తగా సరిచూసిన యూనికోడ్ పాఠాన్ని అందిస్తున్నాయి. మదీనాలోని కింగ్ ఫహద్ ముద్రణాలయం ముస్‌హఫ్ లిపికి అనుగుణమైన ఫాంట్లను విడుదల చేసింది. వాటి నుండి తీసుకొని, అచ్చుకు పంపే ముందు ముస్‌హఫ్‌ను ఎదుట పెట్టుకొని సరిచూసుకోవాలి. తెలుగు వాక్యం నడుమ అరబీని ఇరికిస్తే విరామచిహ్నాలు అటునుండి ఇటు దూకుతాయి. ఆయతును విడి పేరాలో ఉంచి, కంట్రోల్‌తో పాటు కుడివైపు షిఫ్ట్ మీట నొక్కితే పేరా కుడి నుండి మొదలవుతుంది. ఎడమ షిఫ్ట్‌తో మళ్ళీ తెలుగు దిశకు వస్తుంది.

వేళలు చూపే యంత్రం ఎవరి ఊరిది?

నమాజు వేళలు చూపే ప్రోగ్రాములు ఉచితంగా ఎన్నో దొరుకుతాయి. వాటిని దించుకోగానే వచ్చిన వేళలను నమ్మటమే పొరపాటు. మూడు సంగతులు సరిచూడాలి.

మొదటిది ఊరు. కంప్యూటరుకు సాధారణంగా తానెక్కడ ఉన్నదో కచ్చితంగా తెలియదు. ఇంటర్నెట్ ఇచ్చే సంస్థ చిరునామాను బట్టి ఊహిస్తుంది. విశాఖపట్నంలోని ఇంటి కంప్యూటరు తాను హైదరాబాదులో ఉన్నాననుకోవటం వింతేమీ కాదు. ఒక్కో రేఖాంశానికి సూర్యుడు 4 నిమిషాలు తీసుకొంటాడు. ఈ రెండు నగరాల నడుమ దాదాపు 4.8 రేఖాంశాల దూరం, అంటే సుమారు 19 నిమిషాలు. రమజాన్‌లో విశాఖ కుటుంబం హైదరాబాదు వేళను నమ్మి సహరీ చేస్తే, ఫజ్ర్ ప్రవేశించిన తరువాత కూడా పావుగంటకు పైగా తింటూనే ఉంటారు. తలక్రిందులుగా, హైదరాబాదులో విశాఖ వేళతో ఇఫ్తార్ చేస్తే సూర్యుడు అస్తమించక ముందే ఉపవాసం విరమించినట్లవుతుంది. విజయవాడ, హైదరాబాదుల నడుమ కూడా 8 నిమిషాల తేడా ఉన్నది. కాబట్టి ఊరి పేరును మీరే స్వయంగా ఎంచుకోండి.

రెండవది గణన విధానం. మన ప్రాంతంలో సాధారణంగా అనుసరించేది ఫజ్ర్‌కు, ఇషాకు సూర్యుడు దిగంతానికి 18 డిగ్రీల కింద ఉండే లెక్క. ప్రోగ్రాములలో ఇది కరాచీ విశ్వవిద్యాలయ విధానం అన్న పేరుతో కనిపిస్తుంది. ఉత్తర అమెరికా వారి 15 డిగ్రీల విధానం పొరపాటున ఎంపికై ఉంటే, ఫజ్ర్ మన అక్షాంశాలలో 12 నుండి 15 నిమిషాలు ఆలస్యంగా చూపిస్తుంది. మక్కా వారి ఉమ్ముల్ ఖురా విధానంలో ఇషా లెక్క పూర్తిగా వేరు. అస్ర్ విషయంలో హనఫీ, షాఫయీ అనే రెండు ఎంపికలుంటాయి. వస్తువు నీడ రెండింతలు అయినప్పుడా, ఒక ఇంత అయినప్పుడా అన్నదే భేదం. రెండింటికీ నడుమ ముప్పావు గంట నుండి గంటకు పైగా కూడా తేడా రావచ్చు. ఎంపికలు పూర్తిచేసి, మీ మొహల్లా మస్జిదులోని వేళల పట్టికతో పోల్చి చూడండి. తేడా వస్తే మస్జిదు పట్టికే ప్రమాణం, ఇమామ్ సాహెబ్‌ను అడగటమే మార్గం. హిజ్రీ తేదీ కూడా అంతే. చాలా క్యాలెండర్లు సౌదీ లెక్కను చూపుతాయి, మన నెలవంక ఒక రోజు వెనుక ఉండవచ్చు. ఈద్‌ను కంప్యూటరు నిర్ణయించదు.

మూడవది గడియారమే. పాత కంప్యూటరును ఆపి, మళ్ళీ తెరిచిన ప్రతిసారీ ఎప్పటిదో తేదీ చూపుతున్నదంటే మదర్‌బోర్డులోని చిన్న బిళ్ళ బ్యాటరీ అయిపోయిందని అర్థం. సిఆర్ 2032 అని అడిగితే గడియారాల దుకాణంలో కూడా దొరుకుతుంది. తేదీ తప్పితే నమాజు వేళలే కాదు, బ్యాంకు సైట్లు కూడా భద్రత లేదంటూ తెరుచుకోవు.

అజాన్ గురించి మా అభిప్రాయం ఒకటి. మస్జిదు అజాన్ వినవచ్చే ఇంట్లో కంప్యూటరు నుండి మరొక అజాన్ వినిపించనక్కరలేదు. దానికి బదులు, వేళకు పది నిమిషాల ముందు తెర మీద చిన్న సూచన వచ్చేటట్లు పెట్టుకొంటే, చేతిలోని పనిని ఒక కొలిక్కి తెచ్చి వుజూకు లేవటానికి వీలవుతుంది. పని మధ్యలో అజాన్ వినిపిస్తే "ఈ ఒక్కటి ముగించి" అనుకొంటూ జమాఅత్ పోగొట్టుకోవటం మనలో చాలామందికి అనుభవమే.

పిల్లలు, ఫోటోలు

ఇంట్లో ఎందరు కంప్యూటరు వాడతారో అన్ని ఖాతాలు ఉండాలి. వాటిలో అడ్మినిస్ట్రేటర్ ఒక్కటే. మిగిలినవి, చివరకు తండ్రి రోజువారీగా వాడుకొనే ఖాతాతో సహా, స్టాండర్డ్ రకంగా ఉంచాలి. అప్పుడు పిల్లలు ఏ ఆటనో దించుకొన్నప్పుడు వచ్చే కీడు యంత్రమంతటికీ పాకటం కష్టమవుతుంది.

అశ్లీలాన్ని ఆపటానికి ఇంటి వైఫై రౌటరులో డీఎన్‌ఎస్ అనే చోట 1.1.1.3, 1.0.0.3 అన్న రెండు అంకెల వరుసలను నింపితే చాలావరకు పని జరుగుతుంది. క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ 2020 నుండి కుటుంబాల కోసం ఉచితంగా అందిస్తున్న సేవ ఇది. ఆ వైఫై వాడే ఫోన్లకు, టీవీకి కూడా ఇదే రక్షణ. మొబైల్ డేటాతో వెళ్ళేవారిని ఇది ఆపలేదు, తెలివైన పిల్లవాడు దాటే మార్గం కనిపెట్టకపోడు. అందుచేత కంప్యూటరు హాలులో, నలుగురూ తిరిగే చోట ఉండటమే మేలు. ఎదిగిన పిల్లల తెరను వారికి తెలియకుండా గమనించే ప్రోగ్రాములను మేము సమర్థించము. రంధ్రాన్వేషణను మన ధర్మం వారించింది. పట్టుబడిన నాడు పిల్లల నమ్మకం కూడా పోతుంది. ఏ నిరోధాలు పెట్టారో వారికి చెప్పి పెట్టండి.

ఇంటి ఆడవారు పర్దాలో జాగ్రత్తగా ఉండే కుటుంబాలు కూడా వారి ఫోటోలున్న కంప్యూటరును మరమ్మతుకు నిస్సంకోచంగా అప్పగిస్తారు, పాస్‌వర్డును కాగితం మీద రాసి మరీ ఇస్తారు. తెర పగిలితే, కీబోర్డు మారిస్తే పాస్‌వర్డు అవసరం రాదు. ఇవ్వక తప్పనిచోట, ఏ ఫైళ్ళూ లేని తాత్కాలిక ఖాతాను తెరచి ఇవ్వవచ్చు. అయితే ఆ ఖాతాకు అడ్మినిస్ట్రేటర్ అధికారం ఇస్తే ఇతర ఖాతాల ఫైళ్ళు కూడా తెరుచుకొంటాయని మరువరాదు. కాబట్టి ఫోటోలను బయటి హార్డ్‌డిస్కులోకి మార్చుకోవటమే మేలు. తొలగించిన ఫైలు అంత త్వరగా నశించదు. తిరిగి తీసే ప్రోగ్రాములు ఎవరికైనా దొరుకుతాయి. అందుకే మొదటినుండీ కుటుంబ ఫోటోలను యంత్రం లోపల కాక బయటి డిస్కులో ఉంచి, బీరువాలో పెట్టుకోవటం మాకు నచ్చిన పద్ధతి. విండోస్ 11 మనల్ని గట్టిగా అడగకుండానే డెస్క్‌టాప్, పిక్చర్స్ ఫోల్డర్లను వన్‌డ్రైవ్ అనే ఇంటర్నెట్ గిడ్డంగికి పంపటం కూడా గమనించదగినది. సెట్టింగులలో చూసి, వద్దనుకొన్న ఫోల్డరును ఆపివేయండి. ఉచితంగా ఇచ్చేది 5 జీబీయే. అది నిండగానే డబ్బు అడుగుతుంది.

ఒక డిస్కు సరిపోదు. నిఖానామా, భూమి పత్రాలు, పాస్‌పోర్టులు, హజ్ దరఖాస్తు కాగితాలు, దాదా గొంతు రికార్డు చేసిన ఆడియో, ఇటువంటి వాటికి రెండు ప్రతులు రెండు వేర్వేరు డిస్కులలో, అందులో ఒకటి వేరే ఇంట్లో, అన్న దగ్గరో ఆపా దగ్గరో ఉండాలి. పెన్‌డ్రైవ్‌ను దీర్ఘకాలపు భద్రతకు నమ్మరాదు.

చివరగా, కొత్తగా వస్తున్న విండోస్ 11 యంత్రాలు మైక్రోసాఫ్ట్ ఖాతాతో తెరిచినప్పుడు డిస్కును తమంతట తామే సంకేతలిపిలోకి మార్చుకొంటున్నాయి. దొంగ చేతికి చిక్కినా ఫైళ్ళు చదవలేడు కాబట్టి ఇది మంచిదే. కాని మదర్‌బోర్డు మార్చినప్పుడో, మరేదైనా మరమ్మతు జరిగినప్పుడో యంత్రం 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే మన ఫైళ్ళు మనకే దక్కవు. ఆ కీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ఖాతా తెరిచింది దుకాణంలోని కుర్రవాడు అతని ఈమెయిల్‌తోనైతే, కీ కూడా అతని దగ్గరే ఉంటుంది. ఈ రోజే ఖాతా ఎవరి పేరున ఉన్నదో చూసి, ఆ 48 అంకెలను కాగితం మీద రాసి, ఇంటి పత్రాల సంచిలో పెట్టి, ఎక్కడున్నదో ఇంట్లో మరొకరికి చెప్పి ఉంచండి.